ఇంటికి నడిచెళ్ళిన కుడికాలు

డ్రమ్స్ వాయించే బావ నోరు తెరిచాడంటే టీకొట్టాయన పాలగిన్నె దించేస్తాడు, కథలో పడితే పొంగిపోతాయని. ఆ సాయంత్రం మాత్రం బెంచీ మీద బ్యాండు పెద్దాయన కూడా ఉన్నాడు. పాత డ్రమ్మరు మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, శనివారం ప్రోగ్రాం ఉంది. "మా బావ ఉన్నాడండీ" అని బాస్ గిటారు వాయించే బావమరిది నోరు జారాడు. అక్క పోరు పడలేక అన్న మాట అది. శనివారం తాళం తప్పిందంటే బావతో పాటు తనూ బ్యాండులోంచి అవుట్. ఇప్పుడు కాదంటే అక్క గడప తొక్కనివ్వదు. పాపం, అతని చేతిలో టీ చల్లారిపోతోంది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ," అని బావ మొదలెట్టాడు, "కుడిచెయ్యి మూడు కొట్టేలోపు ఎడమచెయ్యి సమంగా రెండు కొట్టాలి, మళ్ళీ మొదటి దెబ్బకి ఇద్దరూ కలుసుకోవాలి. జనం దీనికి నెలలు తంటాలు పడతారు. నాకు మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేసింది."

"వస్తుంది, వస్తుంది," అన్నాడు పెద్దాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాళ్ళు అలిగాయండీ! సరేనని కుడికాలికి నాలుగు, ఎడమకాలికి అయిదు ఇచ్చా. వారం తిరిగేసరికి నలుగురూ వేరుకాపురాలు పెట్టేశారు. ఎడమచెయ్యి వాయిస్తుంటే కుడిచెయ్యి భోంచేసేది, నేనేమో హాయిగా కునుకు తీసేవాణ్ణి."

"నువ్వు పడుకుంటే తాళమో?" అన్నాడు టీకొట్టాయన.

"అది మెలకువగానే ఉండేదయ్యా! ఇంకా విను. మెడ ఏడు పట్టుకుంది. చివరికి గుండె పదకొండులో కొట్టుకోవడం మొదలెట్టింది. డాక్టరు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విన్నాడు, విన్నాడు, ఊగిపోయాడు. నర్సమ్మ వచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు!"

పెద్దాయన పడీపడీ నవ్వాడు. బావ దాన్ని మెప్పనుకుని ఇంకా రెచ్చిపోయాడు. బావమరిదికి ఒళ్ళు మండింది.

"అసలు సంగతి ఇప్పుడుంది. మొన్న సాధన మధ్యలో చూసుకుంటే కుడికాలు లేదు! తన వంతు అయిపోయిందని ఇంటికి నడిచెళ్ళిపోయింది. మిగతావాళ్ళం బస్సులో వచ్చాం. వచ్చి చూస్తే అది మా పైవాటాలో ఒక్కతే కూర్చుని సాధన చేసుకుంటోంది!"

"ఆ మాట మాత్రం నిజం," అందో గొంతు. బావ వాళ్ళ కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ, ఫ్లాస్కులో టీ పోయించుకోవడానికొచ్చి ఇదంతా వింటోంది. "సాక్ష్యం నేను చెప్తా."

బావ ముఖం వెలిగిపోయింది. "అడగండి, ఆవిణ్ణే అడగండి!"

"ఆర్నెల్లుగా వింటున్నానండీ. దబ్, దబ్ మని పైనుంచి ఆ కాలొక్కటే. చేతులు మొదలెడితే కాలు ఆగిపోతుంది, కాలు కదిలితే చేతులు ఆగిపోతాయి. ఏం తమ్ముడూ, తక్కినవాళ్ళు ఇంకా బస్సు దిగలేదా?"

టీకొట్టాయన పొయ్యి వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. అక్కకి భయపడి తను చెప్పలేని మాట ఇంకెవరో చెప్పేశారు. బావమరిదికి ప్రాణం లేచొచ్చింది, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

పెద్దాయన లేచి బావ భుజం తట్టాడు. "శనివారం ఆ కాలిని పంపించవయ్యా. మిగతా మూడింటికీ నేను మనిషిని చూసుకుంటా."