ఆరు వోల్టుల ట్రాక్టర్, నాలుగు పూతల ఎరుపు

“‘ఎవరు పిలిచినా ఆ పూటకే వస్తాను’ అని ఈ ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద రాసుందే, ఎవరు రాసినారు తాతా?”

నేనే. ఇంకెవురు? సూడు, అక్షరాలు ఎంత లావుగా రాసినానో. ఎద్దుల బండ్లో పొయ్యేవాళ్ళకు గూడా కనపడాలని. ఆ మాట ఎట్టా పోయిందో చెప్తా, కూర్చో. ఆ ఫోను ఆడ పెట్టు, రికార్డు అయితే కానీ.

అప్పుడు నాకు ఇరవై మూడు. కాదు, నాలుగేమో. మీ జేజి నన్ను చేసుకోకముందు, అంతే. తిరుపతిలో డిగ్రీ చదివి, పరీక్ష తప్పి, సంచీ నిండా పుస్తకాలేసుకొని ఊరికొచ్చినా. ఆ పుస్తకాల్లో ఉండే మాటలన్నీ నా నోట్లో ఉండేవి. మా నాయన “ఆవుకు నీళ్ళు పెట్టినావా?” అంటే శ్రమదోపిడీ గురించి చెప్పేవాణ్ణి. ఆయన బొక్కెన నా చేతికిచ్చేవాడు.

ఊర్లో ట్రాక్టర్ అంటే పెద్దింటాయనది ఒకటే. ఆయన చేన్లన్నీ అయినాకనే మనది. దానికని మేము పదిమంది చేరి యువజన సంఘం పెట్టి, ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి ఇదో, ఈ పాత బండి తెచ్చినాం. ఆరు వోల్టుల బండి పాపా. ఇప్పుడు యాడ సూసినా పన్నెండే గదా. దీన్ని స్టార్ట్ చేసేదానికి హ్యాండిల్ ఒకటి ఉండాల, అది అమ్మినాయన ఇయ్యనే లేదు, మేం అడగనూ లేదు. చరిత్ర గురించి మాట్లాడతా ఉంటే హ్యాండిల్ ఎవురికి గుర్తొస్తాది?

ఆయుధపూజ వస్తే అందరూ బండికి కుంకుమ పెట్టి నిమ్మకాయ తొక్కిస్తారు. నేను దాంతో ఆగుతానా? యేటా ఎర్ర రంగు కొట్టేవాణ్ణి. పైపైన పూస్తే సరిపోదని బోల్టులు విప్పి, వాటి కింద గూడా పూసి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఇట్టా నాలుగేండ్లు.

మా మేనత్త చెంగమ్మ తెలుసు గదా నీకు, ఇప్పుడు నాయుడుపేటలో కూతురి కాడుండేది. అప్పటికే మామ పోయినాడు. రెండెకరాల మెట్టచేను, ఒక జత ఎద్దులు, అంతే ఆమెకు. నేను పోయి గంటసేపు చెప్పినా. ఎద్దుల్ని మేపేదెందుకత్తా, సంఘం బండి ఉండాది, పిలిస్తే వస్తాదీ అని. ఆమె నా మాట నమ్మి ఎద్దుల్ని అమ్మేసింది. ఎద్దులు పొయ్యేటప్పుడు వాటికంటే ఎక్కువగా ఏడ్చింది. నేను పక్కన నిలబడి యంత్రయుగం గురించి చెప్తా ఉండా.

ఆ యేడు వాన ఆలస్యం. సోమవారం పడింది, మంచి వాన. సెనక్కాయ ఇత్తనానికి పదును ఉండేది మూడు రోజులే, నీకు తెలీదు గానీ. ఎండ, గాలి తగిలితే అదీ లేదు. వారం నుంచి ఆమె ఇంట్లో కాయలు ఒలిచి పెట్టుకోనుండాది. ఒలిచిన ఇత్తనం మళ్ళీ వానదాకా నిలవదు.

మంగళవారం పొద్దున్నే బండి తీసినా. అప్పటికి నెల రోజుల్నుంచి దానికి అదే జబ్బు. స్టార్టర్ నొక్కితే ‘ఊ... ఊ...’ అని ముసిలోడు మంచం మీద నుంచి లేసినట్టు. ఇప్పుడు నేను లేస్తానే, అట్టా. లైటు వేసి నొక్కితే లైటు కండ్లు మూసుకునేది. మిట్ట మీద పెట్టి దొర్లించి స్టార్ట్ చేసేవాళ్ళం. ఆ పొద్దూ దొర్లించినాం, స్టార్ట్ అయింది. చెంగమ్మత్త చేను మొగదలకు పోయి, బురదలో ఆగిపాయ. ఇంక తోసేదానికి లేదు. పదిమందిమి తోస్తే బండి ఆణ్ణే ఉండాది, మేము ఒకరి మీద ఒకరు పడినాం.

అత్త వచ్చి, “రేయ్, పెద్దింటాయన ట్రాక్టర్ అడుగుదాంరా, దాంతో లాగిస్తే స్టార్ట్ అవుతాది గదా” అనింది.

నేనేమన్నానో తెలుసా? “ప్రాణం పోయినా భూస్వామి తాడు మన బండికి కట్టం!” అన్నా. ఎవురి ప్రాణం? నాది కాదు గదా. ఆమె ఇత్తనాలది.

తప్పు బ్యాటరీది అని తేల్చేసినా. పుత్తూర్లో దేవదానం అని ఒకాయన, బ్యాటరీలు అమ్మేది, ఛార్జింగ్ పెట్టేది. ఆయన కాడ కొనిన బ్యాటరీ అది. ఒకసారి మార్చి గూడా ఇచ్చినాడు పాపం. దాన్ని విప్పి ఎత్తుకోని బస్సెక్కి పోయినా. ఆయన బ్యాటరీకి మీటరు పెట్టి ముల్లు సూసి, “అబ్బోడా, దీంట్లో దోషం లేదు. బండి యాడుండాది? పద, సూస్తాను” అన్నాడు. అంతే పాపా. ఆ మాట పట్టుకొని పోయింటే మంగళవారం సాయంత్రానికే అయిపొయ్యుండు.

నేను పోలా. “మాయమాటలతో రైతును మోసం చేస్తావా!” అని అరిసి, బ్యాటరీ ఎత్తుకోని వచ్చేసినా. బుధవారం పదిమందినీ తోడుకోనిపోయి ఆయన అంగడి ముందర కూర్చున్నాం. ‘బ్యాటరీ దోపిడీ నశించాలి!’ పక్కన విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకునేదానికి వచ్చినోళ్ళు, కట్లతోనే నిలబడి సూసినారు. ఒకాయన విరగని చెయ్యెత్తి మాతో నినాదం చెప్పినాడు. మధ్యాన్నం దేవదానమే మా అందరికీ టీ చెప్పినాడు. అప్పుడు టీ పదైదు పైసలు. తాగినాం. తాగి మళ్ళీ నశించాలన్నాం.

ఊర్లో చేను ఆరిపోతా ఉండాది.

గురువారం మధ్యాన్నం ఆయనే వచ్చినాడు. సైకిల్ మీద, అంత దూరం. సంచీలో ఒక స్పానరు, ఒక కత్తి, చిన్న ఉప్పుకాగితం ముక్క. నన్ను ఒక్క మాట అనలా. “నొక్కు నాయనా” అన్నాడు. నేను నొక్కతా ఉంటే బ్యాటరీకి వైరు బిగించే మూతి మీద చెయ్యి పెట్టినాడు, చల్లగుండాది. వైరు మీద పెట్టినాడు, చల్లగుండాది. కింద ఎర్త్ పట్టీని బండి ఒంటికి బిగించిన బోల్టుండాది గదా, దాని మీద పెట్టి చటుక్కన తీసేసినాడు. కాలతా ఉండాది.

“ఈడ్నే ఉండాది అడ్డం” అన్నాడు.

బోల్టు విప్పి కత్తితో గీకినాడు. ఎర్ర పొర. దాని కింద ఎర్ర పొర. దాని కింద ఇంకోటి, ఇంకోటి. నాలుగు ఆయుధపూజలూ వరసగా ఆడుండాయి. తెల్లటి ఇనుము కనపడేదాకా ఉప్పుకాగితంతో రుద్దినాడు. రుద్దతా మెల్లిగా చెప్పినాడు నాకు: “పన్నెండు వోల్టుల బండైతే కొంచిం కరెంటు పోయినా లాగేస్తాది. ఇది ఆరు. ఒత్తిడి తక్కువగా వచ్చే నీళ్ళకు లావు పైపు, అడ్డం లేని మూతి కావాల్నా లేదా? నువ్వు మూతికి రంగు కొట్టి మూసినావు.”

బిగించి, “నొక్కు” అన్నాడు. ఒక్క తిప్పుకే లేసింది.

అందరూ పరిగెత్తుకోని వచ్చినారు. చెంగమ్మత్త ముందు. “ఏమైందయ్యా, ఎవురి తప్పు?” అనింది. నేను నోరు తెరిసినా. తెరిసినా అని ఒట్టేసి చెప్తా. నాకంటే ముందు ఆయన అన్నాడు: “బ్యాటరీలోనే దోషముండాదమ్మా. తప్పు నాది.”

అని నా చెవి కాడికి వచ్చి, “ఊరంతా కూడి కొన్న బండి. నువ్వే చెడగొట్టినావంటే రేపు ఎవురూ దీన్ని నమ్మరు. నా అంగడి పుత్తూర్లో ఉండాది, ఈడ నా పేరు పోతే నాకేమి” అన్నాడు.

దాని మీద మావాళ్ళు ‘ప్రజావిజయం వర్ధిల్లాలి’ అని నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. దిగాల్నా లేదా నేను? దిగలా. పైనుంచే సూసినా, ఆయన సైకిలెక్కి పొయ్యేది. చెంగమ్మత్త ఒక మట్టిగడ్డ తీసి ఆయన వెనకాల విసిరింది.

ఆ సాయంత్రం దున్నినాం. పల్లంలో ఉండే ఎకరా మొలిసింది. మిట్ట ఎకరా పదును ఆరిపోయి మొలవలా. మిగిలిన ఇత్తనాలు ఉడకబెట్టి ఊరంతా పంచింది అత్త. నేనూ తిన్నా. రెండు గుప్పిళ్ళు.

దేవదానం పోయి చానా ఏండ్లయింది. అంగడి గూడా లేదు. ఒకసారైనా పోయి మాట్లాడింటే! పోదాం పోదాం అనుకుంటానే... సరే. అత్తకు తొంభై. చెవులు మాత్రం బాగుండాయి. మొన్న ఫోన్లో గూడా, “ఆ బ్యాటరీవాడు నా ఎకరాకు మన్ను కొట్టినాడు, వాడి వంశం బాగుపడదు” అనింది. ఆయన కొడుకులు, మనవలు యాడో ఉంటారు గదా పాపా. నేను దగ్గినా, ఫోను పెట్టేసినా.

ఊర్లో ఇందరి ముందర ఎన్ని ఉపన్యాసాలు చెప్పినానో. ఈ ఒక్క మాట రెండు వాక్యాలు గూడా కాదు, అదే చెప్పలా.

నువ్వు శ్రీసిటీకి డ్యూటీకి పొయ్యే దారే గదా నాయుడుపేట. దారి కాకపోయినా ఎంత దూరం? కార్లో కూర్చోబెట్టి తీసుకపో. పక్కన నిలబడు చాలు, చెప్పేది నేనే చెప్తా. మట్టిగడ్డ విసిరితే విసరనీ. నీకు లీవు దొరుకుతాదో లేదో, మీ నాయనను అడుగుతావో, మీ మేనేజర్ని అడుగుతావో నాకు తెలీదు. తొంభై ఏండ్ల మనిషి, నాకూ డెబ్భై దాటింది. చల్లగుండు తల్లీ, కానీ ఈ నెల ఇరవయ్యో తేదీ లోపల నాకు చెప్పాల, తీసుకపోతావా లేదా.