ఆశ్వయుజంలో పెట్టిన మొక్కలు

ఏంటీ, దసరా వెళ్ళాక పెడతావా మామిడి మొక్కలు? పెట్టరా జోజీ, భేషుగ్గా పెట్టు. తొలకరిలో పెడితే గోతిలో నీళ్ళు నిలబడి వేరు కుళ్ళుద్ది, లేకపోతే కలుపు కమ్మేసుద్ది. వేసవిలో పెడితే బిందెలు మోయలేక మనం చస్తాం. అదే వానలు వెనకబట్టాక అయితే నేల మెత్తగా ఉంటది, ఎండ చురుక్కుమనదు. చలికాలమంతా మొక్క పైకి లేవదు, అడుగున వేరు తన్నుకుంటా ఉంటది. ఎండలు ముదిరేటప్పటికి ఇంక దానికి మనతో పన్లేదు. నాకెవరు చెప్పారంటావా? లక్ష్మీనరసింహారావు గారని, నూజివీడులో మామిడికాయల షావుకారు. నీకు తెలీదులే, నువ్వప్పటికి పుట్టలా. ఆ పీట ఇటు లాక్కో. అన్నం తినే వచ్చావా? సరే.

ఆయన పూత మీదే తోటల కాపు కొనేసేవాడు. చెట్టు కింద నిలబడి ఒక్కసారి పైకి చూశాడంటే ఎంత కాపు దిగుద్దో చెప్పేసేవాడు. కింద కొట్టు, మేడ మీద కాపురం. ఆయన భార్య కామేశ్వరమ్మ గారు. పిల్లల్లేరు పాపం. సీజను వస్తే ఆ ఇంట్లో గదికి గది వరిగడ్డి, గడ్డిలో చిన్నరసాలు, బంగినపల్లి. నేను గడ్డి సర్దటానికి వెళ్ళేదాన్ని. ఆవిడ అనేది, "మగ్దలేనమ్మా, ఇన్ని కాయలు చూశాను గానీ ఏ కాయది ఏ చెట్టో ఎరగను" అని. ఆయన్ని కూడా అడిగేది, "ఊళ్ళో వాళ్ళ చెట్లన్నీ మీకు తెలుసు. మనకంటూ ఒక్క చెట్టు ఉండక్కర్లేదా అండీ?" ఈయనేమో లెక్కలోంచి తల ఎత్తకుండా "చూద్దాంలేవే, వచ్చే ఏడు" అనేవాడు. ఏడాదికేడాది అదే మాట. ఇంతలో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టిన ఏడు, ఆవిడకి కడుపులో గడ్డ అన్నారు. బెజవాడలో చూపించారు, మద్రాసు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఈయన్ని పక్కకి పిలిచి, "వేసవి దాటనివ్వండి, చూద్దాం" అన్నాడంట. అంతే. బతుకుద్దనీ అనలేదు, బతకదనీ అనలేదు.

మద్రాసు నుంచి వచ్చిన వారానికే ఆగిరిపల్లి రోడ్డులో మా చేను పక్కన ఎర్రనేల కొన్నాడు. అప్పటికి ఆశ్వయుజం సగం పోయింది. నర్సరీ వాడు అంటు మొక్కలు దింపి, ఇందాక నేను చెప్పానే, ఆ చెమ్మ సంగతీ వేరు సంగతీ చెప్పి, "ఇప్పుడు పెడితే కుదురుకున్నట్టేనండీ. ఒక్క వేసవి దాటితే ఇంక భయంలేదు" అన్నాడు. అది విని ఈయన మనిషి మనిషిలా లేడు. "ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అంటాడు. వాడు మళ్ళీ చెప్పాడు. ఇంక అక్కణ్ణించి మొక్కల పిచ్చి పట్టుకుందిరా ఆయనకి. కొట్టు గుమాస్తాకి వదిలేశాడు. ఏనాడూ పార పట్టనోడు, పట్టు పంచె ఎగ్గట్టుకుని గోతిలోకి దిగి ఎరువు కలిపాడు. మొక్క మొక్కకీ ఊతకర్ర పాతి, ఆకులు ఒత్తి చూసి, ఏదైనా వాడినట్టు కనపడితే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. మా ఆయన పరదేశి నవ్వి, "ఏంటండీ, చంటిపిల్లల్ని సాకినట్టు" అంటే, "పరదేశీ, ఇవి పోతే ఆవిడ పోద్ది" అన్నాడు. ఇంక మా ఆయన నవ్వలా.

ఆవిడ రిక్షాలో వచ్చేది, నడుం కింద దిండు పెట్టుకుని. వేపచెట్టు కింద నవారు మంచం వేసేవాళ్ళం. సంక్రాంతి వెళ్ళేసరికి చెయ్యి పుల్లలా అయిపోయింది. మొక్కలేమో, చెప్పకూడదు గానీ, నిగనిగలాడుతున్నాయి. ఆయన అవతల నీళ్ళ కావిడి దింపుతుంటే ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, "ఇవన్నీ బతుకుతాయి కదూ?" అంది. బతుకుతాయమ్మగారూ, ఒక్కటి కూడా పోదన్నాను, సంతోషపడుద్దని. ఆవిడ కళ్ళు మూసుకుని, "అదే నా బాధ. నేను లేకుండా ఇవన్నీ బతికుంటే ఆయనేమైపోతారు? ఒక్కటన్నా ముందు పోనీ. కాస్త అలవాటవుద్ది ఆయనకి. ఆ చివర దానికి నీళ్ళు మానెయ్యవే" అంది. ఆ వరసకి నీళ్ళు పోసేది నేనే. ఏం చేసేది చెప్పు? మానేశాను. ఆయనకి తెలియకుండా ఖాళీ బిందె మోసుకెళ్ళి ఒంచినట్టు ఒంచేదాన్ని. అది చావదే! అడుగున చెమ్మ దొరికింది దానికి. ఫాల్గుణం ఎండల్లో కూడా చిగురేసింది. ఆయన దాన్ని చూసి పరుగున వచ్చి, "కాముడూ, చివరది కూడా పట్టేసిందే!" అని మంచం పక్కన కూలబడి పసిపిల్లాడల్లే ఏడ్చాడు. ఆవిడ ఆయన తల నిమురుతా నా వంక చూసింది. ఆ చూపు...

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆవిడ పోయింది. వేసవి ఇంకా మొదలే కాలేదు.

దినాలయ్యాక వచ్చాడు, గుండుతో, ఒక్కడే. తోటంతా రాగిరంగు చిగుళ్ళు. కాసేపు గట్టు మీద నిలబడి, ఉన్నట్టుండి ఒక మొక్కని రెండు చేతులా పట్టుకుని పీకాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. "నువ్వెందుకే బతికావు? నిన్నెవరు బతకమన్నారే?" అని అరుపు. బెరడు ఊడి అరిచేతులు చీరుకుపోయాయి గానీ వేరు కదల్లేదు. మా ఆయన వెళ్ళి పట్టుకుని ఇవతలకి తెచ్చాడు. ఆ రోజు అరిచిందే, మళ్ళీ ఆయన గట్టిగా మాట్లాడలా. ఆ తర్వాత ఆ తోట పేరు పాకింది. చాట్రాయి నుంచి కూడా రైతులొచ్చి, ఒక్కటీ చావకుండా ఎట్టా పెట్టారండీ అని అడిగేవాళ్ళు. ఓపిగ్గా అంతా చెప్పేవాడు, నెల, చెమ్మ, ఎరువు, అన్నీ. చివర్న, "మొక్కకైతే చాలా మంచిదండీ" అనేవాడు. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. వ్యాపారం మానేశాడు. కాపుకొచ్చిన ఏడు కాయ కొయ్యనివ్వలా. అన్నీ రాలి, కుళ్ళి, ఈగలు. ఆ వాసనలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, కాయని చూసి ధర కట్టే మనిషి. ఎవరన్నా ఒక్క కాయ తీసి చేతికిస్తే, ఇదేంటన్నట్టు చూసేవాడు. ఆ మరుసటేడు ఆ కుర్చీలోనే...

ఇదిగో, ఆ మేక దడి దూకుతంది చూడు. లే, లే, తోలు దాన్ని.