వేగం పెరిగితే ఆగే చప్పుడు

వెనక చక్రంలో ఏదో చప్పుడు వస్తోందని కారును ఒక చుట్టు నడిపి చూసి తండ్రీ కూతురూ షెడ్డుకు తిరిగి వచ్చారు. తండ్రి పానా పట్టుకుని ఆ చక్రం ముందు కూర్చున్నాడు.

“బేరింగు పోయిందమ్మా. విప్పాల్సిందే.”

“బేరింగయితే వేగంతోపాటు చప్పుడు పెరగాలి కదా నాన్నా? ఇది ఆగిపోతోంది.”

“పోయిన వారం ఇదే కారు నట్టు పోగొట్టినదానివి, నువ్వా నాకు చెప్పేది?”

“నేను దాన్ని ముట్టుకోనేలేదని అప్పుడే చెప్పాను. విప్పిన నట్లు నువ్వెక్కడ వేస్తావు?”

“ఎప్పుడూ వేసేచోటే. చక్రం మూత బోర్లా తిప్పి, అందులో.”

“ఆ మూతలోనే ఏదో ఉంది. మెల్లగా వెళ్తే దొర్లుతోంది, జోరుగా తిరిగితే అంచుకు అతుక్కుపోతోంది. తీసి చూడు.”

మూత ఊడగానే గ్రీజు పూసుకున్న నట్టొకటి ఠంగుమని నేలమీద పడింది. తండ్రి పానా కింద పెట్టి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

“సరే తల్లీ. ఇకమీదట నువ్వు చూసి చెప్పాకే పానా పడతాను.”

“అది తర్వాత. నట్టు నేనే పోగొట్టానని అమ్మకు చెప్పావుగా, ముందు ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టు, నేనూ వింటాను.”