గట్టు దిగేటప్పుడు వచ్చే శబ్దం

కడియం దగ్గర కాలవగట్టు మీద సాల్మన్ మెకానిక్ షెడ్డు. ఉదయం పదకొండు గంటలు. కుండీల షాపులో పనిచేసే దుర్గాసాయి తన బండి తీసుకొచ్చి అరగంటైంది. పక్కన బల్ల మీద చేతికర్ర పట్టుకుని సూర్యకళ కూర్చుని ఉంది.

"ఏదండీ శబ్దం? నాకేం వినపడట్లేదు."

"ఆగున్నప్పుడు రాదయ్యా సాల్మనూ! ఇందాకట్నించీ అదే కదా మొత్తుకుంటున్నాను. స్లో చేసినప్పుడే వస్తుంది."

"స్లో చేసినప్పుడంటే, బ్రేకు వేసినప్పుడా?"

"బ్రేకు కాదు. రైజు వదిలేసినప్పుడు. గేరులో ఉండగా రైజు వదిలితే వెనకాల టప్ టప్ టప్‌మని, సీమటపాకాయలు కాల్చినట్టు."

"ఓస్, ఇంతేనా! సైలెన్సర్ ప్యాకింగ్ పోయుంటుందండి. ఇంజను బండిని పట్టి ఆపుతున్నప్పుడు, కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్లోకి వస్తుంది. ప్యాకింగ్ సందులోంచి గాలి తగిలి అక్కడ పేలుతుంది. బండికి నష్టమేం లేదు. హాయిగా తిరగండి."

"హాయిగా తిరగడానికి కాదు నీ దగ్గరికొచ్చింది. శబ్దం పోవాలి. ఇవాళే పోవాలి."

"ఇవాళా? ఈ బండి ప్యాకింగ్ రాజమండ్రి నించి రావాలండి. రేపు సాయంత్రానికి..."

"రేపు కుదరదు."

"ఎందుకండీ అంత తొందర?"

"మా ఆవిడ పోరు పడలేకపోతున్నా. చంటిపాప ఉలిక్కిపడి లేస్తోంది."

"అయితే ఓ పని చెయ్యండి. మీ సందులోకి తిరిగేటప్పుడు క్లచ్చి పట్టేసుకోండి. ఇంజను పట్టు వదిలేస్తుంది, శబ్దం రాదు."

"పట్టుకునే తిరుగుతున్నా, రెండు నెలల్నించీ! గట్టు దిగేటప్పుడు క్లచ్చి పట్టుకుంటే బండి ఆగుతుందా? మొన్న లాకుల దగ్గర తిన్నగా కాలవలోకి పోబోయాను. వెనకాల కట్టిన కుండీలన్నీ పగిలాయి. మా ఓనరు నోటికొచ్చినట్టు తిట్టాడు."

"రెండు నెలలా? మరి ఇన్నాళ్ళూ తేలేదేంటండీ?"

"తీరిక లేక."

"మీ షాపు ఇక్కడికి కిలోమీటరే కదండీ."

"తీరిక లేదంటున్నానా? నువ్వు మెకానిక్‌వా, ఎస్సైవా?"

"ఆ శబ్దం ఎక్కడెక్కడ వస్తుందండీ బాబూ?"

"ఈవిడెవరు మధ్యలో?"

"మా అక్కలాంటిదండి. నర్సరీలో మామిడి అంట్లు కట్టేది. ఇప్పుడు పన్లోకి వెళ్ళట్లేదు."

"ఊరికే అడిగా బాబూ. ఖాళీగా కూర్చున్నదాన్ని కదా."

"ఊరికే అడక్కండమ్మా. నాకిప్పటికే తల తిరుగుతోంది."

"కోప్పడకండి సార్. నేనోసారి వినాలి. లాకుల దాకా వెళ్ళి, స్పీడుగా వచ్చి, షెడ్డు ముందు రైజు వదిలెయ్యండి. క్లచ్చి మాత్రం ముట్టుకోకూడదు."

"ఇక్కడా? నడిరోడ్డు మీదా?"

"మరెక్కడండీ? డాక్టరు నాడి చూడకుండా మందిస్తాడా?"

"నువ్వే తోలుకెళ్ళు."

"నేను తోలితే వినేదెవరండీ? వెళ్ళండి, నాకింకా మూడు బళ్ళున్నాయి."

"ఛ! ఒక్కసారే. చెప్తున్నా, ఒక్కసారే!"

"వెళ్ళాడు. అక్కా, అలా మధ్యలో అడక్కు. బెదిరిపోయాడు చూశావా?"

"ఏం చెయ్యనురా సాల్మనూ? కాలికి కట్టు విప్పిన దగ్గర్నించీ నీ బల్ల మీదే కూర్చుంటున్నాను. అలాంటి శబ్దం ఉన్న బండి ఎప్పటికైనా మెకానిక్ దగ్గరికి రాక తప్పదని."

"ఇప్పటికి ఐదు బళ్ళొచ్చాయి. ఒక్కటీ కాదన్నావు."

"కాకపోతే కాదనక ఏమంటాను? ఆ శబ్దం నాకు నిద్దట్లో కూడా వినపడుతుంది."

"ఇతను అటునించటే పోతాడేమో."

"పోడు. శబ్దం వదిలించుకోవాలని అంత ఆత్రంగా ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? అదుగో, వస్తున్నాడు."

"ఏమయ్యా సాల్మనూ, విన్నావా?"

"ఏం వినాలండీ? ఏమీ రాలేదు."

"నాకేం తెలుసు? వింటానన్నది నువ్వు."

"క్లచ్చి పట్టుకున్నారు కదండీ! నాలుగు వేళ్ళూ దాని మీదే ఉన్నాయి."

"అలవాటైపోయింది, ఏం చెయ్యమంటావు!"

"ఇంకోసారి వెళ్ళి రండి."

"వెళ్ళను. నలుగురూ చూస్తున్నారు."

"చూస్తే ఏమైందండీ? దొంగబండా ఏంటి?"

"పోలీసులు... శబ్దం చేసే బళ్ళు పట్టుకుంటున్నారు కదా ఈమధ్య."

"ఇందాక పాప అన్నారు."

"పాపా ఉంది, పోలీసులూ ఉన్నారు! ప్యాకింగ్ వెయ్యవయ్యా మగడా అంటే వంద ప్రశ్నలు!"

"ఎలాగోలా ఇవాళే తెప్పించి వేస్తానండి. వేశాక తగ్గిందో లేదో తెలియాలంటే ముందెలా ఉందో తెలియాలి కదా. లాకుల దగ్గర గేరు పడ్డాక ఎడం చెయ్యి తొడ మీద పెట్టేసుకోండి, పీడా పోతుంది."

"ఖర్మ! నా ఖర్మ!"

"గొణుక్కుంటూ వెళ్ళాడక్కా. ఈసారి జాగ్రత్తగా విను."

"వింటూనే ఉన్నాను. నువ్వు మాట్లాడకు."

"వస్తున్నాడు. చెయ్యి తొడ మీదే ఉంది. రైజు వదిలాడు... ఆఁ, వచ్చింది! ఇదేనా? అక్కా! ఏంటలా అయిపోయావు?"

"నీళ్ళియ్యరా."

"ఇదేనా అని అడుగుతున్నా."

"ముందు నీళ్ళియ్యి."

"ఏమయ్యా, విన్నావుగా? ఊరంతా విన్నారు. ఇప్పుడైనా పానా పట్టుకుంటావా?"

"పట్టుకోనండి."

"ఏం? ఎందుకు పట్టుకోవు?"

"ఊరి వాట్సాప్ గ్రూపు చూడలేదాండీ? రెండు నెలల కిందట, చీకటి పడే వేళ, గట్టు దిగే మలుపులో సైకిలు మీద ఇంటికెళ్తున్న ఆడమనిషిని..."

"నేను గుద్దలేదు!"

"మీరు గుద్దారని నేనన్నానాండీ?"

"నేను గుద్దలేదయ్యా! మొక్కల లారీ. నా ముందు వెళ్తోంది. అదే తగిలించి పోయింది. నేను వెనకాల వస్తున్నా. అమ్మతోడు!"

"వెనకాల వస్తూ చూశారా?"

"మలుపు కదా. స్లో చేశాను."

"ఆగారా?"

"స్లో చేశానంటున్నా కదా."

"ఆగారా అని అడుగుతున్నానండి."

"ఆగితే? ఆగితే ఏమయ్యేది? పక్కన ఎవడుంటే వాడే గుద్దాడంటారు. అడిగేవాడెవడు, ముందు చితక్కొడతారు. భయమేసింది. ఇంటికెళ్ళిపోయాను. తెల్లారేసరికి గుద్దింది టప్ టప్‌మనే బండేనని గ్రూపులో పెట్టేశారు. నేను కాదని చెప్పాలంటే, చూసి కూడా వెళ్ళిపోయానని చెప్పాలి. ఏ మొహం పెట్టుకుని చెప్పను? అన్నం సహించట్లేదయ్యా నాకు. మా వీధిలో ఒకడు నిన్న నా బండి చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. అందుకే ఇవాళే పోవాలంటున్నా. తెలిసిందా ఇప్పుడు? చాలా?"

"నాకు చెబితే ఏం లాభమండీ? అక్కకి చెప్పండి."

"ఏ అక్కకి?"

"నాకేనండీ బాబూ. ఆ రోజు కాలవలో పడింది నేనే."

"అమ్మా! మీరా... నేను కాదమ్మా. ఒట్టు. లారీయే..."

"లారీయే. నాకు తెలుసు."

"తెలుసా అక్కా? మరి నాకు చెప్పలేదేంటి? గుద్దినవాడి కోసం కూర్చున్నావనుకుంటున్నాను కదా ఇన్నాళ్ళూ!"

"గుద్దినవాడి కోసమని నేనెప్పుడన్నానురా? పోలీసులకి కూడా లారీ అనే చెప్పాను. గ్రూపులో పెట్టింది మా మరిది. కాదురా అంటే వినడు. లారీ ఎటుపోయిందో తెలీదు, వాడికి ఎవడో ఒకడు దొరకాలి."

"దేవుడా! తెలిసుండీ నన్నెందుకు వెతుకుతున్నారమ్మా? కేసు పెడతారా? నాకు చిన్నపిల్ల ఉందమ్మా."

"కేసేంటి బాబూ. ఒక్క మాట అడుగుదామని."

"అడగండి. ఏదైనా అడగండి."

"లారీ పోయాక నడుం దాకా నీళ్ళలో ఉన్నానండి. రెండు చేతుల్తో తుంగ పట్టుకుని వేలాడుతున్నాను. కాలు కదలదు, గొంతు పెగలదు. అప్పుడొచ్చిందండీ మీ బండి శబ్దం. ఎవరో స్లో చేస్తున్నారు, చూశారు, ఇంక బతికాననుకున్నాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తుంగ వదిలేసి ఒక చెయ్యి పైకెత్తాను. శబ్దం ఆగింది. మళ్ళీ రైజు ఇచ్చారు, వెళ్ళిపోయారు. గంట పోయాక గేదెలు తోలుకొచ్చేవాళ్ళు చూసి లాగారు."

"అమ్మా..."

"ఉండండి, అవ్వలేదు. లారీవాడు నన్ను చూడలేదు. వాణ్ణి నాలుగు తిట్టుకుని పడుకోగలను. మీ సంగతే తేలక నాకు నిద్ర పట్టట్లేదు. ప్యాకింగ్ వేయించుకోండి, నేనెవరికీ చెప్పను. ఇదొక్కటి నిజం చెప్పండి బాబూ. నా చెయ్యి మీకు కనపడిందాండీ, లేదాండీ?"