మిరపచేలో ఇంగ్లీషు టీచరమ్మ

"అమ్మమ్మా, మా అమ్మకి మొదట ఇంగ్లీషు ఎవరు నేర్పారు? చెప్పవా, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

మీయమ్మకా? ఇంకెవరే, రాజ్యలక్ష్మి టీచరుగారు. ఆ ఫోను నా మూతి మీదకి పెట్టమాక, కాస్త ఎడంగా పెట్టు. ఆఁ, అట్టా.

ఆమెది గుంటూరు. పెళ్లయి మొగుడితో వచ్చింది... కాదు కాదు, పెళ్లి ఆ తర్వాతెప్పుడో అయింది. నేను చెప్పేది మొదటి ఏడు. వినుకొండలో గది తీసుకొని, పొద్దున్నే బస్సులో మా రోడ్డు దగ్గర దిగి నడిచొచ్చేది. అప్పుడు వినుకొండకి టిక్కెట్టు రెండు రూపాయలో, మూడో. ఆ బస్సు గూడా రోజూ వచ్చేది కాదులే. రానిరోజు పాలవ్యాను ఎక్కి వచ్చేది, చీర మీద పాలమరకలు.

మీయమ్మ, సువార్త, అప్పుడు అయిదో తరగతి. పిల్లకి చదువు బాగానే వచ్చేది, ఒక్క ఇంగ్లీషు కాడే వచ్చింది గొడవ. అంతకుముందున్న అయ్యవారు, ఆయన పేరెందుకులే, పోయినోణ్ణి అనగూడదు, మీయమ్మని ఏందో అడిగాడంట. ఇది తెలియదండీ అందంట. గోడకి నిలబెట్టి, "కూలోళ్లకి ఇంగ్లీషు దేనికే, కోతకి పో" అన్నాడంట. పిల్ల ఆ మాట ఇంట్లో చెప్పలా. కడుపులో పెట్టుకుంది. ఆయన బదిలీ అయిపోయాడు, ఈమె వచ్చింది, అయినా మీయమ్మకి ఆ బెదురు పోలా.

ఇంతలో మిరప కోతలొచ్చినయ్. "నేను గూడా చేలోకి వస్తానమ్మా" అంది. నేనేమనుకున్నా? అబ్బ, నా బిడ్డకి నా కష్టం తెలిసింది, చేతికి సాయం వచ్చింది అనుకున్నా. అడగొద్దూ ఎందుకని? అడగలా. తప్పు నాదే.

నాలుగో రోజో అయిదో రోజో, మేం అనసూయమ్మగారి చేలో కోస్తన్నాం. అనసూయమ్మంటే ఆ చేను గలామె. పొద్దు వాలతంది, బడి వదిలిపెట్టే వేళ. గట్టు మీద టీచరుగారు, భుజాన సంచి. నేరుగా నా కాడికొచ్చి, "సువార్తవాళ్లమ్మ మీరేనాండీ?" అంది.

నన్ను అండీ అంది! నమ్ముతావా? అప్పటిదాకా ఆ ఊళ్లో నేను రూతునే. ఒసే రూతూ, ఏమే రూతూ, అంతే.

తిట్టిద్దేమో అని ముందే అన్నా, "కోతలయ్యాక పంపిస్తాలే అమ్మా" అని.

"సరేనండీ. అప్పటిదాకా నేనే వస్తాను" అంది. చీర కుచ్చిళ్లు దోపుకొని మా సాల్లోకి దిగింది. కోస్తా, పిల్లలతో మాట్లాడతా. మీయమ్మొక్కతే కాదు, ఇంకో నలుగురు పిల్లలుండారు. తట్ట చూపించి బాస్కెట్ అనేది, ఆకు చూపించి లీఫ్ అనేది. దిస్ ఈజ్ ఎ చిల్లీ. అట్టా. ఇంకాసేపటికి ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ఇంకేముంది! కళ్లు ఎర్రగా వాచి, నీళ్లు ధారలు. అనసూయమ్మ మజ్జిగతో చేతులు కడిగిచ్చింది, చన్నీళ్లతో కళ్లు కడిగిచ్చింది. ఈ రోజుతో అయిపోయింది ఈమె ముచ్చట అనుకున్నాం అందరం.

మర్నాడు మళ్లీ వచ్చింది! ఈసారి సంచిలో మూడు పలకలు. ఒకదాని మీద ఐ, ఒకదాని మీద చిల్లీస్, ఒకదాని మీద పిక్ అని రాసింది. ఐ అంటే నేను, పిక్ అంటే కోయడం. "నేను మిరపకాయలు కోస్తాను, దీన్ని ఇంగ్లీషులో చెప్పండి" అంది. మీయమ్మ మెల్లిగా, తల దించుకొని, "ఐ చిల్లీస్ పిక్" అంది.

తప్పు అనలా ఆమె. "మాటలన్నీ వచ్చినయ్యే నీకు! నిలబడే చోటే మారాలి" అంది. ఐ పలక మీయమ్మకిచ్చింది. చిల్లీస్ పలక అనసూయమ్మకిచ్చింది. పిక్ నాకు. చేను గలామె, కూలికొచ్చిన నేను, నా కూతురు, ముగ్గురం వరసన నిలబడ్డాం. నేను చివర్న. "తెలుగులో పని చివరికొస్తుంది. ఇంగ్లీషులో మధ్యకొస్తుంది. రూతమ్మగారూ, మీరు మధ్యకి రండి" అంది.

వచ్చి నిలబడ్డా. నాకు అక్షరమ్ముక్క రాదు గదా, పలక తలకిందులుగా పట్టుకున్నానంట. పిల్లలు ఒకటే నవ్వు. మీయమ్మ వచ్చి తిప్పి పెట్టింది. అప్పుడు వరసగా చదివింది, ఐ, పిక్, చిల్లీస్. ఆ తర్వాత టీచరుగారు కోయటం తీసేసి మోయటం పెట్టింది, మిరపకాయలు తీసేసి పత్తి పెట్టింది. ఆ వరస పట్టుబడ్డాక పిల్లలు వాళ్లంతట వాళ్లే అల్లుకున్నారు. చెప్పినకాడికి చెప్పటం కాదు, కొత్తవి.

అసలు సంగతి ఇప్పుడొచ్చిద్ది, విను. అనసూయమ్మ పెనిమిటి కోటేశ్వరరావుగారు వచ్చాడు. మంచోడే, కాకపోతే నోరు పెద్దది. ఒక పండుకాయ తీసుకొని, పైన తొడిమ తుంచి చూపించాడు. "ఏమ్మా టీచరమ్మా, అన్నీ చెప్తన్నావు గదా, దీన్నేమంటారు ఇంగ్లీషులో?"

టీచరుగారు ఆ తొడిమ వంక చూసింది. మేమంతా చేతులాపి ఆమె వంక చూస్తన్నాం.

"నాకు తెలియదండీ" అంది. నవ్వుతానే అంది. "ఇంట్లో పుస్తకం ఉంది. చూసి రేపు చెబుతాను."

"చూశారా, టీచరుకే తెలియదంట!" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆడోళ్లు గూడా నవ్వారు. నాకు మాత్రం పాపం అనిపించింది, పదిమందిలో తల తీసేసినట్టయిందే అని. ఆమె మొహంలో సిగ్గేం లేదు. పిల్లల పలకలు తుడిచి సంచిలో పెట్టుకొని, బస్సుకి టైమయింది, పోయొస్తానండీ అంది.

ఆ సాయంత్రం అన్నం తింటా మీయమ్మ ఉన్నట్టుండి, "అమ్మా, టీచరుగారికి గూడా తెలియదంట!" అంది. ఎగతాళిగా కాదే. ఏదో దొరికినట్టు మొహం వెలిగిపోతంది. "తెలియదని చెప్పినా ఎవురూ గోడకి నిలబెట్టలేదమ్మా ఆమెని" అంది. అప్పుడు బయటకొచ్చింది ఆ గోడ సంగతి, ఆ అయ్యవారి మాట, అంతా. ఇన్నాళ్లూ నా పిల్ల కోతకొచ్చింది నా మీద ప్రేమతో అనుకుంటిని.

పొద్దున్నే లేచేసరికి తనే జడేసుకుంది. "బడికి పోతన్నా" అంది. నేనేమన్నా? పో తల్లీ అన్నా. ఆ రోజు నా సాలు నేనొక్కదాన్నే కోసుకున్నా.

పొద్దు వాలేసరికి మీయమ్మా, టీచరుగారూ కలిసే వచ్చారు చేలోకి. ఆమె చేతిలో అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. "కోటేశ్వరరావుగారూ, తొడిమని స్టాక్ అంటారండీ, ఎస్ టీ ఏ ఎల్ కే. మీరు అడగబట్టి నాకూ తెలిసింది" అంది. ఆయన, "ఈ పిల్లకాయల్ని ఇంక చేలోకి తీసుకురామాకండే" అని మా మీద అరిచాడు. ఆయన పద్ధతంతే, మంచిమాట గూడా అరిచే చెప్పిద్ది ఆ నోరు.

మిగతా నలుగురిలో ముగ్గురు వచ్చారు బడికి. ఒక పిల్ల రాలా, వాళ్ల నాన్న పంపలా. టీచరుగారు ఎన్నిసార్లు తిరిగినా పంపలా. ఆ బాధ ఆమెకి మా ఊరు వదిలిపోయేదాకా ఉంది. మీయమ్మ ఆరులోకి పోయింది, పది అయింది, నర్సు చదివింది. గుంటూరు ఆస్పత్రిలో డాక్టర్లు ఏదన్నా చెప్తే, అర్థం కాకపోతే మళ్లీ అడిగిద్దంట మీయమ్మ, మొహమాటం లేకుండా.

టీచరుగారా? నాలుగేళ్లుండి బదిలీ అయిపోయింది. కొత్తపట్నం కాడ, సముద్రపొడ్డు ఊరు. మావోళ్లెవరో అటు పోయి చూసొచ్చారు. అక్కడ బోట్ల కాడ కూర్చొని, ఏ వలని ఏమంటారో ఆ బెస్తోళ్లని అడిగి రాసుకుంటందంట. ముందు వాళ్ల మాట నేను నేర్చుకుంటే గదా, తర్వాత నా మాట వాళ్లకి చెప్పేది, అందంట.

దేవుడు ఆమెని చల్లగా చూడాలి. నీకు గూడా అట్టాంటి టీచరు దొరకాలి తల్లీ. దొరక్కపోతే... దొరక్కపోతే నువ్వే అవ్వు. ఏందే, ఏడుస్తన్నావా? చాల్లే, ఆ ఫోను ఆపు.