ట్రైలర్ ఎవరు తేవాలి

పదేళ్ల తర్వాత మళ్లీ గ్లైడర్ ఎక్కాలని ఆయన ఉవ్విళ్లూరుతున్నాడు. ఇంజను లేని ఆ విమానానికి గాలే దిక్కు. వంటింట్లో ఉన్న భార్యను కదిపాడు.

“ఏ క్లబ్బులో చేరమంటావు? కొండ దగ్గరిదా, ఊరి చివరిదా?”

“కొండ దగ్గర గాలి బాగుంటుందిగా?”

“బ్రహ్మాండం! పొద్దుగూకేదాకా దిగక్కర్లేదు.”

“మధ్యలో గాలి పడిపోతే?”

“ఏదో ఒక పొలంలో దిగిపోతాం.”

“దిగేది మీరు. మోకాటిలోతు బురదలో దిగబడి, రెక్కలూడదీసి, కారు వెనక ట్రైలర్ మీద ఇంటికి తెచ్చేదెవరట?”

“అప్పట్లో నువ్వే. అందుకేగా ఊరి చివరిదీ చెప్పాను! అక్కడ పొలాల పక్కనే రోడ్డు. నీకు సులువు.”

“అబ్బో, ప్రేమ కారిపోతోంది! కొండ దగ్గరిదే ఖాయం చేయండి.”

ఆయన నోరు తెరిచాడు. “నిజంగానా? అంత బురదలోకి వస్తావా?”

“నేనెందుకొస్తానండీ? ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం అక్కయ్యింటికి వెళ్తున్నాననుకున్నారా?”

“మరి?”

“ఆ కొండ దగ్గరికే. రేపు మొదటిసారి నన్ను గ్లైడర్‌లో ఒంటరిగా కొండ అవతలికి పంపుతున్నారు. మీరు పాత బూట్లు తీసి పెట్టుకోండి.”