నా వంతు వేళాకోళం

అధ్యక్షులు ఇంగ్వార్ గారికి (రోజూ 'ఒరేయ్' అని పిలిచే పొరుగువాణ్ణి ఇవాళ 'గారూ' అనాల్సి వచ్చింది, నా ఖర్మ!) (నవ్వులు) పాస్టర్ గారికి, లోయలోని పెద్దలకు, పులిసిన సొరచేప ముక్క నోట్లో పెట్టుకుని మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక గుడ్లు తేలేస్తున్న మా కొత్త కోడళ్లకు, అందరికీ ఈ సోల్వేగ్ నమస్కారాలు.

మందను అమ్మేసి పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని, నడి చలికాలంలో వచ్చే ఈ థోర్రి మాసపు విందులోనే నన్ను కూర్చోబెట్టి ఉన్ని దుప్పటి కప్పారు. వెచ్చగా ఉంది, సంతోషం. ఇందాక ఏడాదంతా మనం చేసిన పొరపాట్లకు వేషం కట్టి ఆడే ముచ్చట్ల ఆటలో, పాస్టర్ గారి వేషగాడు పేడగుంటలో పడుతుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. నా వంతు వచ్చేసరికి మాత్రం "చల్లని తల్లి, బంగారు మనిషి" అన్నారు. నా మనసు చివుక్కుమంది.

మా ఆయన స్టెయినార్ పోయిన ఏడు గుర్తుందా? ఆ ఏడు గొర్రెలు కొండ దిగినప్పుడు, ఎవరి గొర్రెదో చెప్పే చెవి గాటు సరిగా చూడకుండా ఇంగ్వార్ పొట్టేలును మా కొట్టంలోకి తోలుకుపోయి క్రిస్మస్ దాకా మేపాను. ఇంత ఘనకార్యం చేశాను కదా, ఆ తర్వాతి థోర్రి విందులో నన్ను ఉతికి ఆరేస్తారని ముస్తాబై వచ్చి కూర్చుంటే, ఆటలో ఊరంతా ఉంది, నేను లేను. వంటగదిలోకి వెళ్లి, ఆట కట్టిన ఈ ఇంగ్వార్‌ని నిలదీశాను.

"ఏరా, నా పొట్టేలు సంగతేది?"

"నీది కాదు, నాది. అయినా ఈ ఏడు నిన్ను ఆటపట్టించడానికి నోరు రాలేదక్కా."

"పోయింది ఆయన్రా. నన్నూ ఆయనతో పాటు పూడ్చేశారేంటి?"

వాడు తిన్నగా వేదికెక్కి, ఆ పొట్టేలులా నాలుగు కాళ్ల మీద వంగి, "నేను మీ ఇంటివాణ్ణి కాదే తల్లీ! అయినా గడ్డి బాగుంది, ఉండిపోతాలే" అన్నాడు. హాలంతా నా వైపు చూసింది. నేను నవ్వాక అందరూ నవ్వారు. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఆ రోజు మీరు నన్ను మళ్లీ బతికున్నవాళ్లలో కలుపుకున్నారు.

పట్నం వెళ్లాలంటే భయంగానే ఉంది. అక్కడ నేను తప్పు చేస్తే నవ్వేదెవరు? అందుకే వచ్చే థోర్రికి బస్సెక్కి వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను. ఊరు విడిచిపోయిందిలే అని నన్ను వదిలేయకండి. వచ్చే ఏటి ఆటకు సరుకు కూడా ఇచ్చే వెళ్తున్నాను. గుమ్మం దగ్గర ఇంటింటి తిండి పెట్టెలూ వరసగా పెట్టారు కదా, నాది అనుకుని పాస్టర్ గారిది పట్టుకొచ్చాను. మీరు లొట్టలేసుకుంటూ తిని నన్ను మెచ్చుకున్న గొర్రెతల ఆయన ఇంటిది! (నవ్వులు)

ఆగండి, ఇప్పుడే నవ్వకండి, వచ్చే ఏడాదికి దాచుకోండి. పాస్టర్ గారూ, మీ పెట్టె ఖాళీ. ఇన్నేళ్లూ నన్ను చూసి నవ్విన మీ అందరికీ రుణపడి ఉన్నాను. సెలవు.